ఆ నల్ల మిఠాయి పాడైపోలేదండీ

పోయిన సంచికలో అతిమధురం మిఠాయిల గురించి నాలుగు ముక్కలు రాశాను. ఇన్ని ప్రశ్నలు వస్తాయని మాత్రం అనుకోలేదు. ఇంగ్లిష్‌లో లికరిస్ అనే ఈ వేరు మీద నాకున్న ఇష్టం మీకు తెలిసిందే, అందుకని ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను.

ప్ర: మా ఆఫీసులో ఒకాయన నెదర్లాండ్స్ వెళ్ళొస్తూ నల్లగా నాణేల్లా ఉన్న మిఠాయి తెచ్చారు. వాటి మీద డి.జడ్. అని అచ్చు ఉంది. నోట్లో వేసుకోగానే ఒకటే ఉప్పు, ముక్కుకెక్కే ఘాటు. ఎవరూ చూడకుండా టిష్యూలో ఉమ్మేశాను. అది పాడైపోయిందా? ఎలా ఉందని ఆయన అడుగుతుంటే ఏం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జ: పాడైపోలేదండీ, దాని రుచే అంత. డి.జడ్. అంటే డచ్ భాషలో ‘రెండింతల ఉప్పు’ అని. ఈత రానివాళ్ళని తీసుకెళ్ళి నడి ఏట్లో దింపినట్టయింది మీ పని. ఆ ఉప్పు కూడా వంటింటి ఉప్పు కాదు, అమ్మోనియం క్లోరైడ్, తెలుగులో నవాసారం అంటాం. కఫం తెగడానికి పనికొస్తుందని ఉత్తర యూరప్‌లో మందుల షాపులవాళ్ళు దాన్ని అతిమధురం సారంతో కలిపి దగ్గు బిళ్ళలు చేసేవారు. దగ్గు తగ్గాక కూడా జనం ఆ బిళ్ళల్ని వదల్లేదు, అలా మందు కాస్తా మిఠాయి అయి కూర్చుంది.

డచ్చివాళ్ళు ఈ మిఠాయిని డ్రాప్ అంటారు. మనిషికి ఏడాదికి సుమారు 2 కిలోలు తింటారని లెక్క. పసిపిల్లల దగ్గర్నుంచి ముసలివాళ్ళ దాకా ఎవరి రకం వాళ్ళకుంటుంది: తియ్యనిది, ఉప్పనిది, మీకు దొరికిన రెండింతల ఉప్పుది, పిల్లి ఆకారంలోది, తేనె కలిపినది, గంటసేపు బుగ్గన పెట్టుకున్నా కరగని గట్టిది, పంటికి అంటుకునే మెత్తనిది. గమ్ అరబిక్ అనే తుమ్మజాతి చెట్టు బంక ఎక్కువ పడితే గట్టిపడుతుంది, స్టార్చ్ ఎక్కువైతే మెత్తగా వస్తుంది. అచ్చు పోసే పద్ధతి చూడాలి మీరు. ట్రే నిండా స్టార్చ్ పొడి పరిచి, దాని మీద అచ్చులతో గుంటలు నొక్కి, ఆ గుంటల్లో వేడి పాకం పోసి వెచ్చటి గదిలో వదిలేస్తారు. తడిని పొడి పీల్చేసుకుంటుంది. తర్వాత దులిపి, మెరవడానికి పైన పలచగా మైనం పూస్తారు. ఆ చిన్న పిల్లి చెవులు అంత తీరుగా నిలబడతాయంటే ఆ పొడి చలవే.

ఫిన్లాండ్‌వాళ్ళయితే ఈ ఉప్పు రకానికి సల్మియాక్కి అని పేరు పెట్టుకుని ఐస్‌క్రీమ్‌లోనూ వోడ్కాలోనూ కూడా కలిపేశారు. అక్కడ టర్కిష్ పెప్పర్ అని ఒక గట్టి బిళ్ళ ఉంది, కొరికితే లోపలి నుంచి ఉప్పూ మిరియం కలిసిన పొడి ఒక్కసారిగా నాలుక మీద పడుతుంది, కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. ఐస్‌లాండ్‌వాళ్ళు లికరిస్‌ని పాల చాక్లెట్‌లో పెడతారు. నన్నడిగితే ఉత్తరాదివాళ్ళు చేసిన వాటన్నిటిలో తెలివైన పని అదే, ఎందుకంటే చాక్లెట్ వెన్న ఆ ఘాటుని జోకొట్టి, వెనకాల ఉన్న తీపిని ముందుకు తెస్తుంది.

ఇక మీ ఆఫీసాయనకి ఉన్నది ఉన్నట్టు చెప్పేయండి. నాకు ఉప్పు రకం పడలేదు, ఈసారి తియ్యటిది తెచ్చిపెట్టండి అంటే ఆయనేం అనుకోరు, పైగా సంతోషిస్తారు.

ప్ర: పేరు చూస్తే అతిమధురం. నమిలితే ముందు మట్టి వాసన, కాస్త చేదు. పేరు ఎవరు పెట్టారండీ?

జ: పేరులో తప్పేం లేదు, మీరు కాస్త తొందరపడ్డారు. చక్కెర తీపి నాలుకకి తగలగానే తెలుస్తుంది, అంతే త్వరగా పోతుంది. ఈ వేరులో ఉండే గ్లిసిరైజిన్ చక్కెర కంటే 30 నుంచి 50 రెట్లు తియ్యన, కానీ ఆ తీపి ఆలస్యంగా మొదలై, నెమ్మదిగా గొంతు దాకా దిగి, చాలాసేపు అక్కడే ఉండిపోతుంది. ఒక పుల్ల తీసుకుని ఊరికే పంటి కింద పెట్టుకోండి. నీళ్ళు ఊరి పీచు మెత్తబడే దాకా ఆగండి. ముందు కట్టెపుల్ల నమిలినట్టే ఉంటుంది, కొంతసేపటికి తీపి బయటపడుతుంది, పుల్ల ఉమ్మేసి మంచినీళ్ళు తాగితే ఆ నీళ్ళు కూడా తియ్యగా ఉంటాయి. సంస్కృతంలో యష్టిమధు అంటే తియ్యటి కర్ర, గ్రీకువాళ్ళు పెట్టిన పేరుకి తియ్యటి వేరు అని అర్థం, ఆ గ్రీకు మాటే అరిగి అరిగి లికరిస్ అయింది. ఇంత దూరాన ఉన్నవాళ్ళందరికీ ఒకే మాట తోచిందంటే నాకు భలే ముచ్చటేస్తుంది.

ప్ర: ఎర్ర లికరిస్ మంచిదా, నల్లది మంచిదా?

జ: అమెరికాలో ఎర్ర తాళ్ళలా దొరికే వాటిలో మామూలుగా అతిమధురం అసలు ఉండదు, స్ట్రాబెర్రీలాంటి పండ్ల రుచులు కలిపిన చక్కెరా గోధుమపిండీ అది. ఆ పేరుతో పిలవడం నాకు నచ్చదు. నల్లవాటిలో కూడా కొన్నిటికి సోంపు నూనె రుచి, మొలాసిస్ రంగు తప్ప వేరు సారం పడదు, కాబట్టి ప్యాకెట్ వెనక చదివి కొనండి.

ప్ర: అంటే సోంపూ అతిమధురం ఒకటి కాదా?

జ: కాదు. వాసనలో చుట్టాల్లా ఉంటాయి గానీ మొక్కలు వేరు, అతిమధురం చిక్కుడు, బఠాణీల కుటుంబంలోది.

ప్ర: ఈ మిఠాయి మొదట ఎవరు చేశారు?

జ: ఒక్కరి పేరు చెప్పడం కుదరదు, ఎందుకంటే వేరు నమలడం చాలా పాత అలవాటు. కానీ ఇంగ్లాండ్‌లో యార్క్‌షైర్‌లోని పాంటిఫ్రాక్ట్ అనే ఊరి కథ చెప్పకుండా ముందుకి పోలేను. లోతైన మెత్తటి నేల కావడంతో అక్కడ ఈ వేరు బాగా దిగేది. మూడు నాలుగేళ్ళు ఓపిక పడితే గానీ తవ్వడానికి రాదు. 1760లో జార్జ్ డన్‌హిల్ అనే మందుల తయారీదారు ఆ సారంలో చక్కెర కలిపాడు, అంతకుముందు గొంతుకీ కడుపుకీ వాడిన బిళ్ళ మిఠాయి అయింది. పేరు పాంటిఫ్రాక్ట్ కేక్, నిజానికి చిన్న నాణెం అంత బిళ్ళ. ఒక్కో బిళ్ళ మీదా ఊరి కోట బొమ్మ ముద్ర ఉంటుంది. యంత్రాలు రాకముందు ఆ ముద్రలన్నీ ఆడవాళ్ళు చేత్తో కొట్టేవారు, చెయ్యి తిరిగినవాళ్ళు రోజుకి 30,000 దాకా కొట్టేవారని చెబుతారు. ఆ సంఖ్య చదివినప్పుడల్లా నాకు ముందు వాళ్ళ మణికట్లే గుర్తొస్తాయి. ఇవాళ ఆ బిళ్ళ చేతిలోకి తీసుకుంటే, బొమ్మ మీద ఒకసారి బొటనవేలు రాయకుండా నోట్లో వేసుకోలేను.

ఆ దేశంలోనే పుట్టిన మరో రకం ఆల్‌సార్ట్స్, గులాబీ, పసుపు, తెలుపు కొబ్బరి పొరల మధ్య నల్ల పొరలు. 1899లో లెస్టర్‌లో బాసెట్ కంపెనీ సేల్స్‌మన్ చార్లీ థాంప్సన్ ఒక షాపతనికి శాంపిల్స్ చూపిస్తూ ట్రేని కింద పడేశాడట, అన్నీ కలిసిపోయిన ఆ కుప్పే షాపతనికి నచ్చి అలాగే ఆర్డరిచ్చాడట. అమెరికాలో 1893 నుంచి వస్తున్న గుడ్ అండ్ ప్లెంటీ కూడా చూడ్డానికి ఇంత రంగులమయమే, పైన గులాబీ, తెలుపు పెంకు, లోపల నల్లటి లికరిస్.

జర్మనీలో హరిబో కంపెనీవాళ్ళ నల్ల చక్రాలు చూసే ఉంటారు. కొరక్కండి, కొస పట్టుకుని విప్పండి. రెండు తాళ్ళు జంటగా అంటుకుని ఉంటాయి, వాటిని విడదీసుకుంటూ తినడంలోనే సగం ఆనందం. ఆ దేశంలో ఉత్తరాదివాళ్ళకి ఇదంటే ప్రాణం, దక్షిణాదివాళ్ళకి అంతగా పట్టదు, మధ్యలో లికరిస్ భూమధ్యరేఖ ఉందని వాళ్ళే అంటుంటారు. ఈజిప్ట్, సిరియాల్లో మిఠాయి కంటే పానీయమే ముఖ్యం, రంజాన్ నెలలో ఉపవాసం విడిచాక తాగుతారు, ఎత్తు నుంచి పోస్తే పైన చక్కటి నురగ కడుతుంది.

ప్ర: నాకు బీపీ ఉంది. అప్పుడప్పుడూ తినొచ్చా?

జ: మీ డాక్టర్‌ని అడిగే తినండి. ఇది మాటవరసకి అనడం లేదు. ఏ గ్లిసిరైజిన్ వల్ల తీపి వస్తుందో అదే ఒంట్లో ఉప్పూ నీరూ నిలిచేలా చేసి, పొటాషియాన్ని పడగొట్టి బీపీ పెంచుతుంది. నలభై దాటినవాళ్ళు రోజుకి 57 గ్రాముల నల్ల లికరిస్ చొప్పున రెండు వారాలు తింటే గుండె లయ తప్పొచ్చని అమెరికాలో ఆహారం, మందుల మీద నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. కొన్ని వారాల పాటు రోజూ ప్యాకెట్టున్నర తిన్న 54 ఏళ్ళ మనిషి చనిపోయిన కేసు అక్కడి మసాచుసెట్స్ డాక్టర్లు 2020లో ప్రచురించారు. ఫిన్లాండ్‌లో, అంత ఇష్టంగా తినే దేశంలో, గర్భిణులు దీన్ని తినొద్దని ప్రభుత్వ సలహా. నీరు పోయే మాత్రలు, గుండె మాత్రలు వేసుకునేవాళ్ళు మరీ జాగ్రత్త. ఆరోగ్యం బాగున్నవాళ్ళు ఎప్పుడో రెండు ముక్కలు తింటే భయపడక్కర్లేదు, రోజూ ప్యాకెట్ ఖాళీ చేసే అలవాటే ప్రమాదం.

ప్ర: ఇప్పటిదాకా ఒక్కసారి కూడా తినలేదు. దేనితో మొదలుపెట్టమంటారు?

జ: తీపి ఇష్టమైతే ఆల్‌సార్ట్స్‌తో మొదలుపెట్టండి, కొబ్బరి పొర తోడు ఉంటుంది. కానీ అసలు వేరు రుచి తెలియాలంటే ఇటలీ దక్షిణాన కలాబ్రియాలో చేసే ముక్కలు వెతకండి. రొస్సానోలో అమరెల్లి కుటుంబం 1731 నుంచి ఇదే పనిలో ఉంది, వాళ్ళకి దీని కోసం ఒక మ్యూజియం కూడా ఉంది. స్వచ్ఛమైన రకంలో చక్కెర ఉండదు, పిండి ఉండదు, వేరుని ఉడికించి తీసిన రసాన్ని చిక్కబడేదాకా కాచి గట్టిపరచడమే. చిన్న రేకు డబ్బాలో వస్తాయి, గోరంత ముక్కలు, నల్ల గాజులా మెరుస్తుంటాయి. ఒక్కటి వేసుకుని కొరక్కుండా బుగ్గన పెట్టుకోండి. మొదట చేదనిపిస్తుంది, ఉమ్మేయకండి, ఒక్క రెండు నిమిషాలు ఆగండి.