సొంత మూవ్‌మెంటా, కొన్న మూవ్‌మెంటా: వాచీల గురించి పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: లక్ష రూపాయల లోపు ఒక మంచి ఆటోమేటిక్ వాచీ కొనాలని హైదరాబాద్‌లో నాలుగైదు షోరూములు తిరిగాను. నాకు బాగా నచ్చిన స్విస్ వాచీలో సెలిటా కంపెనీ ఎస్‌డబ్ల్యు200 మూవ్‌మెంట్ (వాచీని నడిపే లోపలి మిషన్) ఉంది. అది బయట కొని పెట్టిన మిషన్ అనీ, అదే డబ్బుకు సొంతంగా తయారుచేసిన 6ఆర్35 మూవ్‌మెంట్‌తో సీకో వాచీ వస్తుందనీ, తెలిసినవాళ్లెవరూ మొదటిదాన్ని కొనరనీ మరో షాపులో చెప్పారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: నిజం కాదు. సెలిటా ఉందన్న ఒక్క కారణంతో మీకు నచ్చిన వాచీని వదులుకోకండి. అలాగని సీకో తక్కువదనీ అనుకోకండి. ఈ రెండింటి మధ్య ఉన్న తేడాలకు, మూవ్‌మెంట్‌ను ఎవరు తయారుచేశారన్న దానికి సంబంధం చాలా తక్కువ.

సెలిటా 1950లో స్విట్జర్లాండ్‌లోని లా షో-ద-ఫాన్‌లో మొదలైన సంస్థ. స్వాచ్ గ్రూపుకు చెందిన ఈటీఏ తయారుచేసే విడిభాగాలను తీసుకుని, మూవ్‌మెంట్లుగా కూర్చి ఇతర కంపెనీలకు ఇవ్వడం చాలా ఏళ్లపాటు దాని పని. తమ గ్రూపు బయటివాళ్లకు ఈ విడిభాగాలు ఇవ్వడం క్రమంగా మానేస్తామని స్వాచ్ 2002లో ప్రకటించడంతో పరిశ్రమలో పెద్ద కలకలం రేగింది. స్విస్ పోటీ నియంత్రణ కమిషన్ జోక్యం చేసుకుని సరఫరా ఒక్కసారిగా ఆగిపోకుండా చూసింది. కానీ ఒక్క సరఫరాదారు మీదే ఆధారపడితే ఏమవుతుందో అందరికీ అప్పుడే అర్థమైంది. అప్పటికి పేటెంటు గడువు తీరిపోయిన ఈటీఏ 2824 నమూనా మీద సెలిటా తన ఎస్‌డబ్ల్యు200ను తెచ్చింది. రెండింటి వ్యాసమూ 25.6 మిల్లీమీటర్లే, మందమూ 4.6 మిల్లీమీటర్లే, గంటకు 28,800 బీట్లే (లోపలి చిన్న చక్రం అటూ ఇటూ ఊగే లెక్క). పాతదానిలో 25 జ్యుయల్స్ (అరుగుదల తగ్గించే చిన్న రాళ్లు) ఉంటే దీనిలో 26 ఉన్నాయి. అంటే మీరు చూసిన వాచీలో ఉన్నది దశాబ్దాలుగా లక్షల వాచీలలో నడిచి, లోపాలన్నీ బయటపడి, వాటి మందులు కూడా అందరికీ తెలిసిపోయిన నమూనా.

కొన్న మూవ్‌మెంట్ పెట్టడం నామోషీ అన్న మాట ఈమధ్య పుట్టిందే. 1972లో ఖరీదైన స్విస్ కంపెనీ ఓడెమార్స్ పిగే తెచ్చిన రాయల్ ఓక్ వాచీలోని మూవ్‌మెంట్‌కు ఆధారం జేజర్-లకుల్ట్ర్ అనే మరో కంపెనీ తయారుచేసిన 920. నాలుగేళ్ల తరువాత పటేక్ ఫిలిప్ తెచ్చిన నాటిలస్‌కూ అదే ఆధారం. రోలెక్స్ డేటోనాలో 1988 నుంచి 2000 వరకూ ఉన్నది జెనిత్ కంపెనీ మూవ్‌మెంట్ ఎల్ ప్రిమెరో. రోలెక్స్ దానిని గణనీయంగా మార్చి, గంటకు 36,000 ఉన్న బీట్లను 28,800కు తగ్గించి వాడుకుంది. ఆ డేటోనాల కోసం ఈనాటికీ జనం ఎగబడుతున్నారు. మరోవైపు సీకో 5 లాంటి అందరికీ అందుబాటులో ఉన్న వాచీలోనూ, మన ఇళ్లలో తాతల పెట్టెల్లో పడి ఉన్న హెచ్‌ఎంటీలోనూ ఉన్నది ఆ కంపెనీలు సొంతంగా తయారుచేసుకున్న మూవ్‌మెంటే. కాబట్టి సొంతమా కొన్నదా అన్న ప్రశ్న వాచీ స్థాయిని కొలిచే కొలబద్ద కాదు.

పైగా ఎక్కడిదాకా సొంతం అన్నది కూడా తేలే లెక్క కాదు. ట్యూడర్ మూవ్‌మెంట్లను తయారుచేసే కెనిస్సీ సంస్థ బ్రైట్‌లింగ్, నార్కైన్ వంటి కంపెనీలకూ సరఫరా చేస్తోంది. ట్యూడర్ క్రోనోగ్రాఫ్‌లో (స్టాప్‌వాచ్ కూడా ఉన్న వాచీలో) ఉన్నదేమో బ్రైట్‌లింగ్ మూవ్‌మెంట్ బీ01 ఆధారంగా వచ్చినది. ట్యాగ్ హాయర్ తన క్యాలిబర్ (మూవ్‌మెంట్ నమూనా) 1887ను సొంతదిగా ప్రకటించిన కొద్దికాలానికే, దాని మూల నమూనా హక్కులు సీకో నుంచి తీసుకున్నవని బయటపడి విమర్శలు వచ్చాయి. మా మూవ్‌మెంట్ పూర్తిగా మాదే అని చెప్పుకొనే కంపెనీల్లోనూ చాలావాటికి హెయిర్‌స్ప్రింగ్ (లోపలి చక్రాన్ని ఊగించే సన్నటి స్ప్రింగ్) వచ్చేది స్వాచ్ గ్రూపులోని నివారాక్స్ నుంచే.

సొంత మూవ్‌మెంట్‌కు ఎక్కువ డబ్బు పెట్టడం న్యాయమైన సందర్భాలు లేకపోలేదు. ఓరిస్ 2020లో తెచ్చిన క్యాలిబర్ 400 ఒకసారి పూర్తిగా కీ ఎక్కితే 120 గంటలు నడుస్తుంది, దానికి కంపెనీ పదేళ్ల వారంటీ ఇస్తోంది. ఇక్కడ అదనపు డబ్బుకు చేతికి వచ్చేదేమిటో స్పష్టంగా కనిపిస్తోంది. అటువంటిదేదీ చూపకుండా "ఇన్‌హౌస్" (సొంత తయారీ) అన్న ఒక్క మాటకే ముప్పై నలభై వేలు ఎక్కువ అడిగితే ఇవ్వవలసిన పని లేదని నా అభిప్రాయం.

మీ రెండు వాచీలకు వద్దాం. 6ఆర్35 డెబ్బై గంటలు నడుస్తుంది. శుక్రవారం రాత్రి తీసి బల్ల మీద పెడితే సోమవారం పొద్దున్న కూడా నడుస్తూనే ఉంటుంది. సాధారణంగా నలభై గంటలకు కాస్త అటూ ఇటూగా ఆగిపోయే ఎస్‌డబ్ల్యు200 ఆదివారమే ఆగిపోయి ఉంటుంది. వారాంతాల్లో వేరే వాచీ పెట్టుకునే అలవాటు ఉంటే ఇది చిన్న విషయం కాదు. సమయపాలనలో మాత్రం సీకో ప్రకటించిన పరిధి కాస్త వెడల్పు: రోజుకు 25 సెకన్లు ముందు నుంచి 15 సెకన్లు వెనుక వరకూ. ఆచరణలో చాలా వాచీలు ఇంతకంటే బాగానే నడుస్తాయి, కానీ పరిధిలోపల ఉన్న వాచీలో లోపం ఉందని మీరు సర్వీస్ సెంటర్‌లో వాదించలేరు.

సెలిటా విషయంలో మీరు అడగవలసిన అసలు ప్రశ్న గ్రేడు. ఒకే ఎస్‌డబ్ల్యు200 వేర్వేరు గ్రేడుల్లో వస్తుంది. స్టాండర్డ్ గ్రేడులో సగటు తేడా రోజుకు 12 సెకన్ల లోపు ఉండేలా సరిచేస్తారు. ఆ పై గ్రేడులో 7, ప్రీమియంలో 4. అన్నిటికంటే పైన క్రోనోమీటర్ గ్రేడు ఉంటుంది. దానిని స్విస్ సంస్థ సీఓఎస్‌సీ పదిహేను రోజులు, ఐదు భంగిమల్లో, మూడు ఉష్ణోగ్రతల వద్ద పరీక్షించి, రోజుకు 4 సెకన్లు వెనుక నుంచి 6 సెకన్లు ముందు వరకూ ఉన్నవాటికే ధ్రువపత్రం ఇస్తుంది. మీకు చూపిన లక్ష రూపాయల వాచీలో స్టాండర్డ్ గ్రేడు ఉందని తేలితే బేరం గురించి పునరాలోచించవలసిందే. షోరూములో తెలియదంటే కంపెనీకే ఈమెయిల్ రాయండి.

ఎస్‌డబ్ల్యు200కు ఒక బలహీనత ఉంది. రోజూ కీ తిప్పి నింపే అలవాటు ఉన్నవాళ్ల వాచీలలో, కీకి సంబంధించిన చిన్న చక్రాల పళ్లు అరిగిపోవడం మెకానిక్‌లకు కొత్త కాదు. ఆగిపోయిన వాచీని మళ్లీ నడిపించడానికి పదిహేను ఇరవై చుట్లు తిప్పి చేతికి పెట్టుకుంటే చాలు, మిగిలింది చేతి కదలికే చూసుకుంటుంది. ఆటోమేటిక్‌కు పొద్దున్నే కీ ఇచ్చే అలవాటు పాత కీ వాచీలతో పెరిగినవాళ్లకు తొందరగా పోదు.

చివరికి నేనైతే సర్వీసును బట్టి తేల్చుకుంటాను. ఐదారేళ్లకొకసారి విప్పి, కడిగి, నూనె వేయించాలి. ఎస్‌డబ్ల్యు200 తెలియని మంచి మెకానిక్ అరుదు; దాని భాగాల్లో చాలా వరకూ ఈటీఏ 2824 భాగాలను పోలినవే. సీకోకు సర్వీస్ సెంటర్ల అండ ఉంది. ఈ రెండూ కాక, ఒక చిన్న కంపెనీ తన కోసమే తయారుచేసుకున్న అరుదైన మూవ్‌మెంట్ అయితే, ఏ చిన్న భాగం పోయినా వాచీని సముద్రాలు దాటించి నెలల తరబడి ఎదురు చూడవలసి రావచ్చు. మీకు చూపిన రెండింటిలో ఏదీ ఆ కోవలోది కాదు కనుక, చేతికి పెట్టుకుని చూసుకుని నచ్చినదే తీసుకోండి.

ప్రశ్న: మా నాన్నగారి హెచ్‌ఎంటీ జనతా ఆగిపోయింది. లోపలి మిషన్ జపాన్‌దని ఒకరు, మన దేశందేనని మరొకరు అంటున్నారు. బాగుచేయించవచ్చా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ఇద్దరిదీ కొంత కొంత నిజం. హెచ్‌ఎంటీ 1961లో జపాన్‌కు చెందిన సిటిజన్ సహకారంతో బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టింది. నమూనా మూలం సిటిజన్‌ది, తయారీ మనది. జనతాలోనిది పదిహేడు జ్యుయల్స్ ఉన్న కీ మూవ్‌మెంట్. నిర్మాణం సరళంగా, గట్టిగా ఉంటుంది. హెచ్‌ఎంటీ వాచెస్ మూసివేతకు కేంద్ర మంత్రివర్గం 2016 జనవరిలో ఆమోదం తెలిపినా, తయారైన వాచీలు అంత ఎక్కువ కనుక విడిభాగాలు ఇంకా దొరుకుతున్నాయి.

చాలా సందర్భాల్లో ఆగిపోవడానికి కారణం ఎండి బంకలా మారిన నూనె. విప్పి కడిగి కొత్తగా నూనె వేస్తే నడుస్తుంది. ఒక్క జాగ్రత్త: డయల్‌ను కొత్తగా రంగు వేయించమని మెకానిక్ సలహా ఇస్తే ఒప్పుకోకండి. మచ్చలు పడినా సరే, మీ నాన్నగారు రోజూ చూసుకున్న డయల్ అదే. పైగా ఇంటర్నెట్‌లో "కొత్త జనతా" అని అమ్ముతున్న చాలా వాచీలు ఇలా రంగు వేసిన డయల్‌తో, పది వాచీల ముక్కలు కలిపి కూర్చినవే. మీ దగ్గర ఉన్నది ఆ గుంపులో కలవకుండా ఉండడమే దాని విలువ.

ప్రశ్న: కొనే ముందే వాచీలో ఎవరి మూవ్‌మెంట్ ఉందో తెలుసుకోవడం ఎలా?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: కంపెనీ పెట్టిన క్యాలిబర్ పేరును బట్టి నమ్మకండి. ఓరిస్ 733 అన్నా, ట్యాగ్ హాయర్ క్యాలిబర్ 5 అన్నా కింద ఉన్నది సెలిటాయో, ఈటీఏయో. పేరు మార్చి, రోటర్ (చేతి కదలికకు తిరిగి కీ ఎక్కించే బరువు) మీద తమ గుర్తు చెక్కుకోవడం ఈ వ్యాపారంలో మామూలే, మోసం కాదు. జ్యుయల్స్ సంఖ్య, గంటకు బీట్లు, నడిచే గంటలు, మందం అనే నాలుగు అంకెలు రాసుకుని, సెలిటా, ఈటీఏ, మియోటా (సిటిజన్ గ్రూపుది), సీకో మూవ్‌మెంట్ల వివరాలతో పోల్చండి. 26 జ్యుయల్స్, 28,800 బీట్లు కనిపిస్తే ఎస్‌డబ్ల్యు200 కావచ్చు. 24 జ్యుయల్స్, 21,600 బీట్లు, 41 గంటలు అయితే చాలావరకు సీకో వారి ఎన్‌హెచ్35. ఈ రెండోది ఉన్న వాచీకి స్విస్ మూవ్‌మెంట్ ధర అడుగుతుంటే కొనకండి. దాని సర్వీసు ఖర్చు కంటే కొత్త మూవ్‌మెంట్ తెచ్చి మార్పించడమే చాలాసార్లు చవక.