అనుమతి లేని ట్రయిల్‌లో మౌంటెన్ బైక్ తొక్కి పడితే నష్టం పడ్డవాడికేనా?

కాదు, దెబ్బ ఒక్కడికే తగిలినా నష్టం అతనితో ఆగదు. చాటుగా తవ్విన దారుల్లో నీళ్లు ఎటు పోతాయో ఆలోచించి వేసినవి తక్కువ, అసలు చిక్కు అక్కడే. పద్ధతిగా వేసే ట్రయిల్ కొండకు అడ్డంగా సాగుతుంది. దారి వాలు కొండ వాలులో సగం మించకూడదని ఒక లెక్క: కొండ 20 శాతం వాలితే దారి 10 శాతం లోపే. అప్పుడు వాన నీళ్లు దారిని దాటుకుని కిందికి పోతాయి. దొంగదారి చాలాసార్లు నిటారుగా దిగుతుంది, ఇక నీళ్లకు అదే కాలువ.

ఉదాహరణకు, అలాంటి చోట బ్రేక్ బిగిస్తే వెనక చక్రం తిరక్కుండా ఈడ్చుకుపోతూ మట్టిని గీరుతుంది. ఆ గీతలో నీరు పారి గాడి పడుతుంది, చెట్ల వేళ్లు బయటపడతాయి. తర్వాత వచ్చినవాడి ముందు చక్రం అందులో ఇరుక్కుంటే బండి ఆగిపోతుంది, మనిషి మాత్రం ఆగడు, హ్యాండిల్ మీదుగా ఎగిరి పడతాడు. చెయ్యి ఆనిస్తే మణికట్టు, భుజం మీద పడితే కాలర్‌బోన్. బోర్డులు, నంబర్లు లేని దారి కాబట్టి ఎక్కడున్నాడో చెప్పడమూ కష్టమే. స్ట్రెచర్ మోసేవాళ్లూ ఆ జారుడులోనే దిగాలి.

యాప్ మ్యాప్‌లో గీత కనిపిస్తే అనుమతి ఉన్నట్టేనని చాలామంది అనుకుంటారు. ఆ గీతకు అర్థం ఎవరో అటు వెళ్లారని, అంతే. అనుమతి ఇవ్వాల్సింది ఆ నేల ఎవరిదో వాళ్లు.