కన్సల్టెన్సీ డైరెక్టర్ ఎలాంటివారో రిజెక్ట్ అయిన ఫైలు దగ్గర తెలుస్తుంది

విదేశీ విద్య కన్సల్టెన్సీలో డైరెక్టర్ కావాలంటే ఏం చదవాలి, ఎన్నేళ్లు పడుతుంది, ఎలాంటి నాయకత్వ విలువలు ఉండాలి అని అడిగారు. మొదటి రెండింటికీ నా సమాధానం చిన్నది. పదకొండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, నలుగురు డైరెక్టర్ల కింద పనిచేశాను. ముగ్గురు ఎంబీఏ చేసినవారు. నాలుగో ఆవిడ తొమ్మిదేళ్లు ఫిజిక్స్ పాఠాలు చెప్పి, కొంతకాలం ఒక విదేశీ యూనివర్సిటీ ప్రతినిధిగా తిరిగి, ఆ తర్వాత కౌన్సెలింగ్‌లోకి వచ్చారు. నాకు పని నేర్పింది ఆ నాలుగో ఆవిడే. ఎంబీఏ గురించి నేనేమంటానో ఇక మీరే ఊహించుకోవచ్చు.

విలువల సంగతికి వస్తే, డైరెక్టర్ల ప్రొఫైళ్లు చదివి మాత్రం ఏదీ నిర్ణయించుకోకండి. అందరికీ దార్శనికత ఉంటుంది, అందరూ విద్యార్థే కేంద్రంగా పనిచేస్తారు, అందరూ వేలమంది కలలు నెరవేర్చినవారే. వీసా రానివారి కలలు ఏమయ్యాయో ఒక్కరూ రాసుకోరు. డైరెక్టర్ ఎలాంటి మనిషో తెలియాలంటే, రిజెక్ట్ అయిన ఫైలు బల్ల మీదికి వచ్చినప్పుడు ఆయన మొదట ఎవరి వైపు చూస్తారో గమనించండి. విద్యార్థి వైపా, కౌన్సెలర్ వైపా, అద్దం వైపా? నాకు తెలిసి ఇంతకు మించిన పరీక్ష లేదు.

ఆ నాలుగో ఆవిడ, అంటే మా మేడం దగ్గర ఎర్ర అట్ట రిజిస్టరు ఒకటి ఉండేది. వీసా రాని ప్రతి ఫైలు వివరం, కారణంతో సహా, ఆ ఫైలు చూసిన కౌన్సెలరే సొంత దస్తూరీతో అందులో రాయాలి. కంప్యూటర్‌లో టైపు చేస్తే ఒప్పుకునేవారు కాదు. చేరిన కొత్తలో నాకది స్కూల్లో ఇంపొజిషన్ రాయించినట్టు అనిపించేది. నా వంతు వచ్చేదాకా దాని బరువు తెలియలేదు.

నేను చేరి ఏడాది కాలేదు. ఇన్‌టేక్, అంటే యూనివర్సిటీలు విద్యార్థులను చేర్చుకునే సీజన్, ముంచుకొస్తోంది, నా చేతిలో నలభైకి పైగా ఫైళ్లున్నాయి. ఒక అబ్బాయి ఆస్ట్రేలియాకు వెళ్లాలి. అప్పట్లో అక్కడి స్టూడెంట్ వీసాకు జీటీఈ (జెన్యూన్ టెంపరరీ ఎంట్రంట్) అని ఒక స్టేట్‌మెంట్ రాయాల్సి వచ్చేది. ఈ కోర్సే ఎందుకు, ఈ దేశమే ఎందుకు, చదువయ్యాక తిరిగి వచ్చి ఏం చేస్తావు అని విద్యార్థి తన మాటల్లో చెప్పుకోవాలి. ‘తన మాటల్లో’ అన్నది ఈ రంగంలో పెద్ద జోకు. అంతకుముందు నెల వీసా వచ్చిన ఒక అమ్మాయి స్టేట్‌మెంట్ తెరిచి పేరు, కోర్సు, యూనివర్సిటీ మార్చాను. అబ్బాయిని పిలిచి సంతకం పెట్టించి పంపేశాను. పావుగంట పని.

ఐదు వారాలకు రిజెక్షన్ వచ్చింది. దరఖాస్తులో తోబుట్టువులు లేరని రాశారు, స్టేట్‌మెంట్‌లో మాత్రం చదువయ్యాక అన్నయ్య నడుపుతున్న డయాగ్నొస్టిక్ ల్యాబ్‌లో చేరతానని ఉంది, ఇతడు చదువు కోసమే వస్తున్నాడన్న నమ్మకం కలగలేదు అని ఉత్తరంలో ఉంది. ఆ అన్నయ్య ఆ అమ్మాయి అన్నయ్య. మూడో పేజీ చివర ఒక్క వాక్యంలో ఉన్నాడు, నా కంట పడలేదు.

ఉత్తరం పట్టుకుని మేడం గదిలోకి వెళ్లేలోపు రెండు సాకులు సిద్ధం చేసుకున్నాను. ఒకటి, అబ్బాయి చదవకుండా సంతకం పెట్టాడు. రెండు, ఫైళ్లు ఎక్కువయ్యాయి. మొదటిది చెప్పగానే ఆవిడ కళ్లజోడు తీసి, "చదవకుండా సంతకం పెట్టించింది ఎవరు?" అన్నారు. రెండోది నేను బయటికి తీయలేదు. ఆవిడ కేకలు వేయలేదు. ఫోను తీసి అబ్బాయి నాన్నగారికి తనే చేశారు. స్పీకర్ పెట్టి, "మీ అబ్బాయి తప్పు ఇందులో ఏమీ లేదండీ, మా ఆఫీసులో జరిగిన పొరపాటు" అని చెప్పారు. అవతల చాలాసేపు మాట లేదు. చివరికి ఆయన, "మూడు రోజులుగా వాడు గది తలుపు తీయడం లేదమ్మా. ఆ మాటేదో మీరే వాడికి చెప్పండి" అన్నారు.

మేడం ఫోను నా వైపు జరిపారు.

ఏం చెప్పానో ఇప్పుడు గుర్తు లేదు. అబ్బాయి అడిగింది మాత్రం గుర్తుంది. "ఆ అన్నయ్య ఎవరు సార్?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే తెలియక. మూడు రోజులుగా తన ఫైల్లో తనకు తెలియని అన్నయ్య ఎలా వచ్చాడా అని ఆలోచిస్తూ కూర్చున్నాడట. ఎవరైనా తనకు కీడు చేయాలని రాశారేమోనని కూడా అనుకున్నాడట.

వీసా ఫీజు ప్రభుత్వం తిరిగి ఇవ్వదు కాబట్టి ఆ మొత్తం ఆఫీసే భరించింది. అది పెద్ద విషయమేమీ కాదు. రిజెక్షన్ పడ్డాక మళ్లీ దరఖాస్తు చేసేటప్పుడు ఆ సంగతి దాచకూడదు, పాత కారణానికి సంజాయిషీ ఇవ్వాలి. మేడం ఆఫీసు లెటర్‌హెడ్ మీద, తప్పు విద్యార్థిది కాదు, ఏజెంట్‌ది, అంటే మాదే అని రాసి కింద తన సంతకం పెట్టారు. ఇది యూనివర్సిటీ కంట పడితే ఒప్పందమే పోతుందని మా మార్కెటింగ్ మేనేజర్ నెత్తీ నోరూ కొట్టుకున్నారు. ఆవిడ వినలేదు. తర్వాతి ఇన్‌టేక్‌కు వీసా వచ్చింది. ఆ ఉత్తరం వల్లే వచ్చిందని నా దగ్గర రుజువు లేదు, అయినా అందువల్లే వచ్చిందని ఎక్కడైనా వాదిస్తాను.

ఇప్పుడు ఆ జీటీఈ లేదు. 2024 మార్చి 23 నుంచి ‘జెన్యూన్ స్టూడెంట్’ అనే కొత్త విధానం పెట్టి, ఒక్కో ప్రశ్నకు 150 పదాలు మించకుండా జవాబు రాయమంటున్నారు. ఆ 150 పదాలు కూడా పాత ఫైల్లోంచి తీసి అతికించే మహానుభావులు ఉన్నారు. కాకపోతే ఇప్పుడు యంత్రం చేత వాక్యాలు అటూ ఇటూ మార్పిస్తున్నారు.

అసలు జబ్బు డబ్బు వచ్చే దారిలో ఉంది. విద్యార్థి వెళ్లి చేరి ఫీజు కట్టాక, మొదటి ఏడాది ట్యూషన్ ఫీజులో కొంత శాతం యూనివర్సిటీ మనకిస్తుంది. అంటే ఎదుట కూర్చుని సలహా అడిగేది ఒకరు, జీతం ఇచ్చేది ఇంకొకరు. అమెరికా చట్టం చూడండి. ఫెడరల్ ఆర్థిక సాయం అందుకునే కాలేజీలు, చేర్పించిన విద్యార్థికి ఇంత అని కమిషన్ ఇవ్వకూడదు. అదే చట్టం విదేశాల్లో ఉన్న విదేశీ విద్యార్థుల విషయంలో మినహాయింపు ఇచ్చింది. తమ పిల్లలకు ప్రమాదమని తెలిసింది మన పిల్లలకు ఫరవాలేదన్నమాట. 2012లో బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఐర్లాండ్ కలిసి ఏజెంట్ల నైతిక సూత్రాల మీద ‘లండన్ స్టేట్‌మెంట్’ అనే ఒప్పందం చేసుకున్నాయి. చాలా మంచి పత్రం. నేను పనిచేసిన ఒక ఆఫీసులో అది ఫ్రేము కట్టి గోడకు వేలాడేది, దాని పక్కనే నెలవారీ టార్గెట్ల బోర్డు. రోజూ పొద్దున అందరం చదివేది ఏ బోర్డో చెప్పనక్కర్లేదు.

2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారం బయటపడినప్పుడు మేడం స్టాఫ్ మొత్తాన్ని కూర్చోబెట్టారు. అది యూనివర్సిటీయే కాదు, చదవకుండా స్టూడెంట్ వీసా నిలుపుకునేవారిని, వారిని చేర్పించేవారిని పట్టుకోవడానికి అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ వేసిన వల. క్లాసులు లేవు, పాఠాలు చెప్పేవారు లేరు. దాదాపు 600 మంది చేరారు, ఎక్కువమంది భారతీయులే, వారిలో మన తెలుగువాళ్లు చాలామంది. ఎనిమిది మంది రిక్రూటర్ల మీద కేసు పెట్టారు. మేడం ఆ రోజు అడిగింది ఒక్కటే. "మీలో ఎవరైనా ఒక యూనివర్సిటీ గురించి క్లాసులకు వెళ్లనక్కర్లేదు అని చెప్పారా?" ఎవరూ చేయి ఎత్తలేదు. "సరే, అటెండెన్స్ పెద్దగా పట్టించుకోరు అని?" రెండు చేతులు లేచాయి. ఆ రెండు యూనివర్సిటీల పేర్లు ఆ సాయంత్రమే మా జాబితాలోంచి పోయాయి, వాటి కమిషన్ కూడా.

ఇంకో విషయం, అడగకపోయినా చెబుతాను. ‘నూటికి నూరు శాతం వీసా గ్యారంటీ’ అని బోర్డు పెట్టిన డైరెక్టర్ దగ్గర ఉద్యోగానికి చేరకండి. వీసా ఇచ్చేది ఆ దేశపు వీసా అధికారి. ఆయన చేతిలో ఉన్నదానికి వీళ్లు హామీ ఇస్తున్నారంటే, వాన పడుతుందని రసీదు రాసిచ్చినట్టే. పాస్‌పోర్టు పట్టుకున్న పిల్లలతో గోడనిండా ఫొటోలు అంటించే పద్ధతి కూడా నాకు గిట్టదు. ఆ గోడ కింద రిజెక్షన్ లెటర్ పట్టుకుని కూర్చున్న పిల్లవాడి సంగతి ఆలోచించరా? తల్లిదండ్రులూ తక్కువ కాదు. "ఏ దేశానికి తేలిగ్గా వీసా వస్తుంది?" అని అడుగుతారు తప్ప ఏ కోర్సు మంచిదని అడిగేవారు పదిమందిలో ఇద్దరు.

మేడం డైరెక్టర్ అయ్యాక కూడా వారంలో రెండు పూటలు ముందు హాల్లోనే కూర్చుని, వచ్చినవారితో స్వయంగా మాట్లాడేవారు. సేల్స్ నుంచి వచ్చిన డైరెక్టర్లు ఈ పని చేయరు, చేయలేరు కూడా. టీచర్లుగా పనిచేసి వచ్చినవారు చేస్తారు. దీనికి వ్యతిరేకంగా ఉదాహరణలు ఉన్నాయని కామెంట్లలో రాస్తారని తెలుసు, రాయండి. బ్యాక్‌లాగ్‌లు పదమూడున్న ఒక అబ్బాయికి ఆవిడ గంటసేపు నచ్చజెప్పి, ముందు వాటిని పూర్తి చేసుకోమని పంపేయడం నేను చూశాను. అతడు నేరుగా మా ఎదురు వీధి కన్సల్టెన్సీకి వెళ్లాడు, వాళ్లు తీసుకున్నారు. ఆ నెల మా టార్గెట్ తప్పింది.

నాలుగేళ్ల క్రితం నాకు ఒక బ్రాంచి అప్పగించారు. మొదటి వారంలో నేను కొన్నది రిజిస్టరు. ఎర్ర అట్టది దొరకలేదు, నీలం రంగుది తెచ్చాను. ఇప్పటికి పంతొమ్మిది పేజీలు నిండాయి, వాటిలో మూడు నా దస్తూరీలో ఉన్నాయి.