జియో సిమ్‌లో నెట్ వస్తోంది, కాల్ పోవడం లేదు: సమాధానం

అన్నా, మీ బావ అమెరికా నుంచి తెచ్చిన ఫోన్‌లో ఎయిర్‌టెల్ సిమ్ బాగానే ఉంది, జియో వేస్తే నెట్ వస్తుంది గానీ కాల్ పోదు అన్నారు కదా. అంటే ఫోన్ ఒకే కంపెనీ సిమ్‌కు కట్టేసిన లాక్‌లో లేదు. కడప ఏడు రోడ్ల దగ్గర ఎవరైనా అన్‌లాక్‌కు డబ్బులడిగితే ఇవ్వద్దు. నేనట్లే ఐదొందలు పోగొట్టుకున్నా.

జియోకు 2జీ, 3జీ లేవు. మాటలు కూడా మామూలుగా 4జీ మీదే, వోల్టీ (VoLTE, అంటే 4జీ నెట్ మీదే కాల్ పోయే పద్ధతి) ద్వారా పోవాలి. ఎయిర్‌టెల్‌కు 2జీ ఉంది కాబట్టి వోల్టీ లేకున్నా కాల్ దాని మీద పోతుంది.

సెట్టింగ్స్‌లో మొబైల్ నెట్‌వర్క్ తెరిచి, జియో సిమ్ కింద వోల్టీ ఆన్ చేసి, ఫోన్ ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయండి. ఆ ఆప్షనే కనిపించకపోతే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసి చూడండి. అప్పటికీ రాకపోతే ఆ మోడల్‌కు జియో వోల్టీ లేనట్టే. రెండు సిమ్‌లు పడితే కాల్స్‌కు ఎయిర్‌టెల్, నెట్‌కు జియో పెట్టుకోండి.