వేసవి రీసెర్చ్: పుణేకా, తిరుపతికా?

ప్రశ్న: మాది కడప. మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ రెండో ఏడాది. పీహెచ్‌డీ చేయాలని పట్టుదలగా ఉంది. సైన్స్ అకాడమీల సమ్మర్ ఫెలోషిప్‌కు ఎంపికై, పుణేలోని నేషనల్ కెమికల్ లేబొరేటరీలో రెండు నెలలకు చోటు వచ్చింది. ఇంతలో తను మెయిల్ పెట్టిన తిరుపతి ఐసర్ (కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్య, పరిశోధన సంస్థ) ప్రొఫెసర్ కూడా రమ్మన్నారు. పేరున్నది పుణే అని అమ్మాయి, దగ్గరిది తిరుపతి అని మేము. ఎటు పంపమంటారు?
– ఒక తండ్రి

జవాబు: ముందు దూరం సంగతి తేల్చేద్దాం. ఐసర్ క్యాంపస్ ఉన్నది ఏర్పేడు దగ్గర. కడప నుంచి రోజూ వెళ్లి రావడం కుదరదు. ఎటు పంపినా అమ్మాయి ఉండేది హాస్టల్లోనే. పుణేకు కడప నుంచి నేరుగా రైలు ఉంది. కాబట్టి ఆ టెన్షన్ పక్కన పెట్టండి.

అలాగని పేరు చూసి పరుగెత్తమనీ చెప్పను. రేపు బెంగళూరు ఐఐఎస్సీలో డిగ్రీ కాగానే చేరే ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి జామ్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఇంటర్వ్యూ దాకా వెళ్లిందనుకోండి. అక్కడ సర్టిఫికెట్ మీద ముద్ర చూసి వదిలేయరు. ‘ఈ రియాక్షన్‌కు ఈ సాల్వెంట్ ఎందుకు వాడావు? వచ్చింది నువ్వనుకున్న ప్రొడక్టేనని ఎలా తెలుసుకున్నావు?’ అని తవ్వుతారు. రెండు నెలలూ సీనియర్లకు గాజు సామాను కడిగిపెట్టి వచ్చిన పిల్లకు అక్కడ నోరు పెగలదు. తన చేత్తో కాలమ్ వేసి పదార్థాన్ని శుద్ధి చేసి, టీఎల్‌సీ పలకపై రియాక్షన్ ఎంతవరకు వచ్చిందో చూసుకుని, అణువు నిర్మాణం చెప్పే ఎన్‌ఎంఆర్ చదవడం నేర్చుకున్న పిల్ల, ప్రయోగం ఫెయిలైనా దాని గురించి ధైర్యంగా మాట్లాడగలదు.

అందుకని ఈ వారంలోనే ఇద్దరు గైడ్లకూ మెయిల్ రాయమనండి. మీరు కాదు, తనే రాయాలి. నాకిచ్చే పని ఏమిటి? ముందుగా ఏం చదివి రావాలి? రోజూ పక్కనుండి నేర్పేది ఎవరు? మే, జూన్ నెలల్లో మీరు ల్యాబ్‌లో ఉంటారా? ఈ చివరిది అడగడానికి మనవాళ్లు మొహమాటపడతారు. కానీ సెలవుల్లో ప్రొఫెసర్లు కాన్ఫరెన్సులకు వెళ్లిపోవడం మామూలే. పిల్ల పనిని కళ్లారా చూడనివారు సిఫారసు లేఖ రాస్తే అందులో నాలుగు పొడి మాటలే ఉంటాయి. అమెరికా పీహెచ్‌డీ ఆలోచన ఉంటే సాధారణంగా అలాంటి లేఖలు మూడు కావాలి. అన్నట్టు, ఆ దేశపు ఎన్‌ఎస్‌ఎఫ్ (నేషనల్ సైన్స్ ఫౌండేషన్) నిధులతో డిగ్రీ విద్యార్థుల కోసం నడిచే ఆర్‌ఈయూ వేసవి రీసెర్చ్ ప్రోగ్రాములు అక్కడి పౌరులకు, శాశ్వత నివాసులకే. వాటి వెంట పడి టైమ్ వేస్ట్ చేసుకోవద్దు. డబ్బు కట్టించుకుని సర్టిఫికెట్ చేతిలో పెట్టే ‘ఇంటర్న్‌షిప్’ల జోలికి అసలే వద్దు.

పని గురించి ఎవరు వివరంగా జవాబిస్తే అటు పంపండి. ‘రండి, వచ్చాక చూద్దాం’ అన్నచోట నాకు నమ్మకం తక్కువ. రెండు జవాబులూ సమానంగా ఉంటే నా ఓటు పుణేకే. అకాడమీల ఫెలోషిప్‌లో స్టైపెండ్‌తో పాటు పరిమితంగా రైలు చార్జీ కూడా ఇస్తారు. సొంతంగా మెయిల్ పెట్టి కుదుర్చుకున్న చోట హాస్టల్, మెస్ ఖర్చులు మీ మీదే పడొచ్చు.

సెమిస్టర్ పరీక్షలు వాయిదా పడి జూన్‌లోకి జరిగే ప్రమాదమూ ఉంది. కాలేజీలో తేదీలు కనుక్కుని, చేరే రోజు అటూ ఇటూ అయితే పర్వాలేదా అని గైడ్‌ను ఇప్పుడే అడగాలి.

వద్దనుకున్న చోటికి మాత్రం ఆ రోజే మర్యాదగా మెయిల్ పెట్టమనండి. వచ్చే వేసవికి ఆ ప్రొఫెసర్‌నే మళ్లీ అడగాల్సి రావచ్చు.