ముందు పేపర్లు చూడు చిన్నా, టోకెన్ తర్వాత ఇద్దువుగాని

చిన్నా,

నిన్న రాత్రి నువ్వు ఫోన్‌లో ఆ ఫ్లాట్ కొంటున్న సంగతి చెప్పిన దగ్గర్నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు రా. ప్రీలాంచ్ అంట, అంటే పర్మిషన్లు రాకముందే అమ్మేయడం, ఆదివారం లోపు మొత్తం డబ్బు ఒకేసారి కట్టేస్తే ఎస్ఎఫ్‌టీ రేటు సగానికి సగం అంట, సోమవారం నుంచి పెంచేస్తారంట. ఫోన్‌లోనే వద్దని చెప్దామనుకున్నా గానీ పక్కనుంచి కోడలు బాల్కనీ గురించి అంత సంతోషంగా చెప్తుంటే నాకు నోరు రాలేదు. అందుకే కూర్చుని మొత్తం రాస్తున్నా, ఇద్దరూ కలిసి చదవండి.

ముందు ఆ ఆఫర్ సంగతి. బిల్డర్ల చేతిలో కొనేవాళ్లు మోసపోకుండా రెరా చట్టం 2016లో వచ్చింది. దాని ప్రకారం రెరా నంబర్ రాకముందు బిల్డర్ ఫ్లాట్ అమ్మడమే కాదు, అసలు ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ కూడా తీసుకోకూడదు. నంబర్ ఉన్నా సరే, అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా ఖరీదులో 10 శాతం మించి తీసుకోకూడదు. మరి నిన్ను మొత్తం కట్టెయ్యమంటున్నాడంటే ఏంటి అర్థం, నీ డబ్బుతోనే అతను ఇంకా స్థలం కొనాలో పర్మిషన్ తెచ్చుకోవాలో అన్నమాట. "అన్‌డివైడెడ్ షేర్ రిజిస్టర్ చేసిస్తాం కదా" అంటారు. దానివల్ల వందల మందితో కలిపి ఆ నేలలో నీకు ఇన్ని గజాల వాటా అని కాగితం వస్తుంది, అంతే, ఇల్లు రాదు. ఇలా కట్టేసి ఏళ్ల తరబడి పునాది కూడా లేని ఖాళీ స్థలం చుట్టూ తిరుగుతున్నవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే ఇద్దరున్నారు, ఒకతను కూతురి పెళ్లికి దాచిన డబ్బు పెట్టాడు, ఆయన మొహం చూడలేకపోతున్నా.

బ్యాంకులో చివరి పదేళ్లు నేను చూసినవన్నీ హోమ్ లోన్ ఫైళ్లే. ఇబ్బంది పడ్డవాళ్లలో ఎక్కువమంది డబ్బు తక్కువై పడలేదు రా, వరస తప్పి పడ్డారు. ఇల్లు నచ్చింది, టోకెన్ ఇచ్చేశారు, తర్వాత లోన్‌కి వచ్చారు, పేపర్లు అన్నిటికన్నా ఆఖర్న చూశారు. మా సొంతింటికీ అదే అయింది, నీకు అప్పుడు చిన్నతనం, తెలీదు. 2004లో మీ పెదనాన్నా నేనూ కూకట్‌పల్లి వైపు ఒక ఇల్లు చూసి నచ్చి, ఇంకెవరో ఎక్కువకి అడుగుతున్నారంటే భయపడి లక్ష రూపాయలు అడ్వాన్స్ ఇచ్చేశాం, తెల్ల కాగితం మీద రసీదు. తర్వాత లింక్ డాక్యుమెంట్లు, అంటే ఆ ఇల్లు అంతకుముందు ఎవరెవరి చేతులు మారిందో చెప్పే పాత కాగితాలు, తీయిస్తే తండ్రి పోయాక అన్నదమ్ములు పంచుకున్న కాగితంలో వాళ్ల చెల్లెలి సంతకం లేదు. ఆవిడ వాటా ఇస్తేగానీ చెయ్యనంది. ఆ లక్ష వెనక్కి రావడానికి ఎనిమిది నెలలు పట్టింది, అప్పట్లో లక్షంటే మాకు ఎంతో తెలుసా, ఆ ఎనిమిది నెలలూ ఇంట్లో మేమిద్దరం సరిగ్గా మాట్లాడుకుంది లేదు.

కాబట్టి వరస చెప్తా విను. మొదట డబ్బు లెక్క. నువ్వన్న 80 లక్షల ఫ్లాటే అనుకుందాం. లోన్ 30 లక్షల పైన 75 లక్షల లోపైతే రిజర్వ్ బ్యాంక్ రూల్ ప్రకారం ఖరీదులో 80 శాతం దాకానే ఇస్తారు, అంటే 64 లక్షలు, మిగతా 16 మీ చేతిలోంచే. రిజిస్ట్రేషన్ ఖర్చు మన తెలంగాణలో స్టాంప్ డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు అన్నీ కలిపి 7.5 శాతం, అది ఇంకో 6 లక్షలు, దీన్ని లోన్ లెక్కలో కలపరు. కన్‌స్ట్రక్షన్‌లో ఉన్నదైతే జీఎస్టీ 5 శాతం అదనం, ఓసీ, అంటే కట్టడం పూర్తయింది ఇక ఉండొచ్చని ఇచ్చే సర్టిఫికెట్, వచ్చేసిన దానికైతే జీఎస్టీ లేదు. ఇవి కాక అసోసియేషన్‌కి కట్టే కార్పస్ ఫండు, కబోర్డులు, కిచెన్ పని. అంటే చేతిలో 27, 28 లక్షలు లేకుండా 80 లక్షల ఇల్లు చూడ్డానికి వెళ్లొద్దు. 64 లక్షలకి 8 శాతం వడ్డీ అనుకుంటే 20 ఏళ్లకి ఈఎంఐ నెలకి 53 వేల 500 పైమాటే, మొత్తం కట్టేది కోటీ 28 లక్షలు. మీ ఇద్దరి జీతాల్లో ఒకటి ఆగినా ఆరు నెలలు ఈఎంఐ కట్టగలిగే డబ్బు విడిగా ఉంచుకోండి, దాన్ని డౌన్ పేమెంట్‌లో కలిపెయ్యకండి, ఇది మాత్రం నా మాట విను. ట్యాక్స్ కలిసొస్తుందని ఎవరన్నా అంటే, మీరు కొత్త రెజీమ్‌లో ఉన్నారు కదా, ఉండే ఇంటి వడ్డీకి అందులో మినహాయింపు లేదు.

లెక్క సరిపోతే సిబిల్, అంటే పాత అప్పులు ఎలా కట్టారో చెప్పే స్కోరు, చూసుకుని, లోన్ ఎంత ఇస్తారో బ్యాంకు ముందే చెప్పే ప్రీ అప్రూవల్ తీసుకోండి. అప్పుడు ఇళ్లు చూడండి. ఎప్పుడు చూడాలంటే, వాన పడే రోజు ఒకసారి, ఏప్రిల్ మే నెలల్లో ఒకసారి. 2020 అక్టోబర్‌లో మన హైదరాబాద్‌లో వచ్చిన వానకి ఎన్ని కాలనీలు మునిగాయో చూశావు కదా. వేసవిలో వాచ్‌మన్‌ని అడుగు, రోజుకి ఎన్ని ట్యాంకర్లు వస్తున్నాయి అని, బోర్ ఎన్ని అడుగుల్లో ఉంది అని. బ్రోషర్‌లో లేనివన్నీ వాచ్‌మన్ చెప్తాడు. చెరువు దగ్గరుంటే లేక్ వ్యూ అని ఎక్కువ రేటు చెప్తారు, అక్కడే ఆగు, ఎఫ్‌టీఎల్, అంటే చెరువు నిండితే నీళ్లు వచ్చే హద్దు, దాని చుట్టూ కట్టకూడని బఫర్ జోన్ ఎక్కడిదాకా ఉందో నగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ మ్యాపులో చూసుకున్నాకే అడుగు ముందుకెయ్యి. 2024లో చెరువుల్లో కట్టినవాటిని కూల్చే హైడ్రా వచ్చాక ఏం జరిగిందో నీకు నేను చెప్పక్కర్లేదు. 1500 ఎస్ఎఫ్‌టీ అన్నాడంటే కార్పెట్ ఏరియా ఎంత అని అడిగి రాయించుకో, లోపల మనం తిరిగేది దాదాపు 70 శాతమే ఉంటుంది.

ఇల్లు నచ్చిందా, నచ్చిన మొహం అక్కడ పెట్టకుండా జిరాక్స్‌లు అడుగు. టోకెన్ అంటే మా పెద్దమ్మ పేపర్లు చూశాక అని చెప్పు, నా మీద పెట్టెయ్. కావాల్సినవి ఏంటంటే సేల్ డీడ్, దాని వెనక 30 ఏళ్ల లింక్ డాక్యుమెంట్లు, అన్నేళ్లకీ ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపించే కాగితం, శాంక్షన్ ప్లాన్, ఓసీ, ప్రాపర్టీ ట్యాక్స్ రసీదు, అసోసియేషన్ నుంచి బాకీ లేదని లెటరు. ఆ సర్వే నంబర్ 22-ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూముల్లో, ఉందేమో రిజిస్ట్రేషన్ వెబ్‌సైట్‌లోనే చూడొచ్చు. జీపీఏ, అంటే ఓనర్ తన తరఫున ఇంకొకరికి రాసిచ్చే అధికారపత్రం, మీద అమ్ముతున్నారంటే ఇంకా జాగ్రత్త, ఉత్త జీపీఏతో హక్కు మారదని 2011లోనే సుప్రీంకోర్టు చెప్పింది. బ్యాంకు లాయర్ చూస్తాడు కదా అనుకోకు, అతను బ్యాంకు కోసం చూస్తాడు. మన తరఫున ఇంకో లాయర్‌కి విడిగా డబ్బిచ్చి ఒపీనియన్ రాయించుకో, 80 లక్షల ముందు ఆ ఫీజు లెక్కే కాదు. శాంక్షన్ ప్లాన్‌లో నాలుగు అంతస్తులుండి కట్టింది ఐదైతే, ఆ ఐదో దాంట్లో ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు.

అవన్నీ సరే అనుకున్నాకే టోకెన్, అదీ చెక్కో ఆన్‌లైనో, క్యాష్ రూపాయి కూడా వద్దు. అగ్రిమెంట్‌లో లోన్ రాకపోయినా టైటిల్‌లో తేడా వచ్చినా అడ్వాన్స్ తిరిగిస్తానని రాయించు. రీసేల్ అయితే ఇక్కణ్ణుంచి రిజిస్ట్రేషన్‌కి నెలన్నర, రెండు నెలలు పెట్టుకో. 50 లక్షలు, ఆ పైన ఖరీదైతే 1 శాతం టీడీఎస్, అంటే వాళ్ల ఇన్‌కమ్ ట్యాక్స్ కింద, ఇచ్చే డబ్బులోంచి నువ్వే పట్టుకుని అమ్మినవాళ్ల పాన్ మీద కట్టాలి, చాలామంది మర్చిపోయి నోటీసులు తెచ్చుకున్నారు. అమ్మేవాళ్లు ఎన్ఆర్ఐ అయితే అది 1 శాతంతో పోదు, చాలా ఎక్కువ పట్టుకోవాలి, అప్పుడు తప్పనిసరిగా ఆడిటర్‌ని కలువు.

ముహూర్తాల గురించి మీ అమ్మ అడిగింది. నా అభిప్రాయం ఏంటంటే ముహూర్తం గృహప్రవేశానికి పెట్టుకుందాం, కొనడానికి తొందరపెట్టుకోవద్దు. ఆషాఢం, పుష్యం నెలల్లో కొనేవాళ్లు తక్కువ, ఓనర్లు కూర్చుని మాట్లాడతారు, ఇళ్లు చూడ్డానికీ బేరానికీ నాకు ఆ నెలలే నచ్చుతాయి. ఇప్పుడుంటున్న ఇంటి అగ్రిమెంట్ ఇంకా ఏడాది ఉంది కదా, ఆ ఏడాది వాడుకోండి. ఓనర్‌కి ఇప్పుడే ఏం చెప్పొద్దు.

రిజిస్ట్రేషన్ అయ్యాక చేతులు దులుపుకోకు. ప్రాపర్టీ ట్యాక్స్‌లో, కరెంట్ మీటర్‌లో పేరు మార్పించుకో. నెల తర్వాత మళ్లీ ఈసీ తీసి మీ ఇద్దరి పేర్లు అందులో ఎక్కాయో లేదో చూడు. అవును, ఇద్దరి పేర్లూ. కోడలి జీతం కూడా అందులో పోతున్నప్పుడు ఆ అమ్మాయి పేరు కాగితం మీద ఉండాల్సిందే, ఈ విషయంలో మీ నాన్న ఏమన్నా అంటే నాతో మాట్లాడమను.

ఇప్పుడు ముందు ఒక పని చెయ్యి. ఆ మార్కెటింగ్ అబ్బాయిని ప్రాజెక్ట్ రెరా నంబర్, సర్వే నంబర్ వాట్సాప్‌లో పెట్టమని ఈ రాత్రికే అడుగు. పెడితే నాకు పంపు, పొద్దున్నే కూర్చుని చూస్తా. అప్లై చేశాం, వచ్చేస్తుంది అన్నాడంటే వచ్చాకే ఫోన్ చెయ్యమని చెప్పి పెట్టెయ్. కోడలికి బాధగా ఉంటే నాకు ఫోన్ చెయ్యమను, నేను మాట్లాడతా.

మీ పెద్దమ్మ