బ్రేక్ పెడల్ నేల దాకా పోతుంటే ముందు బ్లీడింగ్ నిపుల్ ఎటుందో చూడండి

ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు, వాటిని డిస్కుకు అదిమే రెండు క్యాలిపర్లు మీరే మార్చారు, బ్లీడ్ చేసినా (అంటే బ్రేక్ ఆయిల్‌తో పాటు లోపలి గాలిని బయటికి తీసినా) పెడల్ నేల దాకా పోతోందన్నారు. దయచేసి అది బాగయ్యేదాకా కారును సెల్లార్ దాటించకండి. బంజారాహిల్స్ దిగుడు రోడ్లు, మన ట్రాఫిక్ తెలిసినవే కదా.

గబగబా నాలుగైదు సార్లు తొక్కితే పెడల్ గట్టిపడి, కాసేపాగితే మళ్లీ మెత్తబడుతోందా? అయితే లోపల గాలి ఉన్నట్టే. నా గట్టి అనుమానం, క్యాలిపర్లు కుడి ఎడమ తారుమారయ్యాయని. చాలా బళ్లలో అవి అటుదిటు వేసినా బిగుస్తాయి. అప్పుడు బ్లీడింగ్ నిపుల్, అంటే క్యాలిపర్ మీద గాలిని వదిలే చిన్న మూతి, కిందికి వస్తుంది. గాలేమో పైన చేరుతుంది, అందుకే ఎంత ఆయిల్ పోసినా బయటికి రాదు. నిపుల్ పైవైపే ఉండాలి.

అది సరిగ్గానే ఉంటే హోస్ (క్యాలిపర్‌కు ఆయిల్ తెచ్చే పైపు) జాయింట్ల దగ్గర తడి ఉందేమో చూడండి, రాగి వాషర్లు కొత్తవి వేయండి. బ్లీడ్ చేసేటప్పుడు రిజర్వాయర్, అంటే బానెట్ కింద బ్రేక్ ఆయిల్ పోసే తొట్టి, ఖాళీ కానివ్వకండి. బయటికొచ్చిన ఆయిల్ మళ్లీ పోయొద్దు. బ్రేక్ ఆయిల్ తేమ పీల్చుకుంటుంది, కాబట్టి ఎప్పుడో మూత తీసిన డబ్బా కూడా వద్దు. రిజర్వాయర్ మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో ఆయిల్ రకం రాసి ఉంటుంది, అదే కొనండి.

పెడల్ అదిమి ఉంచితే మెల్లగా దిగిపోతూ, బయట ఎక్కడా లీకు లేకపోతే మాత్రం మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కగానే ఆయిల్‌ను తోసే భాగం) సీళ్లు పోయి ఉండొచ్చు. అప్పుడు నడిపి తీసుకెళ్లకండి, టోయింగ్ బండి పిలవండి.